చూచినవారు లేని హత్య : పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

మామిడి కాపు దింపు దినములలో నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతములందు తోటలే ఊళ్లగును. కాపు కొన్న వ్యాపారి మనుష్యులు, కావలి గుడిసెలలో రేయింబవళ్లు కాపురముండువారు, చిక్కములతో కాయ దింపు కూలీలు, లారీలవారు, వీరిలో అనేకుల పేర్లు సైతము ఊరివారికి తెలియవు. డబ్బు చేతులు మారును. బయానాల తగవులు, కూలి బాకీలు ఉండనే ఉండును.

అట్టి తోటలో ఒకనాటి ఉదయము కావలివాడు తలపై దెబ్బతో చనిపోయి పడియుండెననుకొందము. ఇది పాఠము కొరకు మేము కల్పించుకొన్న ఉదాహరణమే గాని ఏ తోటను, ఏ గ్రామమును ఉద్దేశించినది కాదు. కొట్టినవానిని చూచినవారు లేరు. క్రితము సాయంకాలము అతనితో కూలి డబ్బు విషయమై తగవులాడిన పరాయి ఊరి కూలీ ఒకడు ఆ రాత్రినుండి కనబడుట లేదు. ఊరికి ఈ రెండు మాటలు చాలును. మధ్యాహ్నము కాకమునుపే హంతకుడెవరో ఊరు తేల్చివేయును. పొద్దు గుంకులోపల ఉరితీయవలెనని కూడ తేల్చివేయును.

ఊరు తేల్చినదానికిని, న్యాయస్థానము తేల్చవలసినదానికిని నడుమ ఎంత దూరమున్నదో, ఆ దూరములో సర్పంచియు వార్డు సభ్యులును నిలువవలసిన చోటు ఏదియో ఈ వ్యాసమున చెప్పదలచితిమి.

2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షను ప్రకారము హత్యకు శిక్ష రెండే విధములు: మరణము, లేదా యావజ్జీవ కారాగారము. కనుక ఏ హత్య కేసునందైనను ముద్దాయి ప్రాణము తక్కెడలో ఉన్నట్లే. పూర్వపు శిక్షాస్మృతి, క్రిమినల్ ప్రొసీజరు కోడు, సాక్ష్య చట్టము స్థానములలో కొత్త చట్టములు మూడు వచ్చినవి. సెక్షనుల అంకెలు మారినవే గాని మనము చెప్పుకొనబోవు మూలసూత్రములు చాలవరకు పాతవే. అందు రెండు ముఖ్యమైనవి తెలుగువారి కేసులలోనే పుట్టినవని చాలమందికి తెలియదు.

సాక్ష్యము రెండు తెరగులు. కత్తితో పొడుచుచుండగా చూచితినని చెప్పుట ప్రత్యక్ష సాక్ష్యము. పొడుచుట చూడలేదు గాని, ముందు జరిగినవి, వెనుక జరిగినవి, దొరికిన వస్తువులు వీనినిబట్టి ఇతడే పొడిచియుండవలెనని ఊహించుటకు ఆధారమగునది సాందర్భిక సాక్ష్యము. రెండవదానిని తక్కువగా చూడరాదు. చూచితినని చెప్పు మనిషి అబద్ధమాడవచ్చును, చీకటిలో పొరబడవచ్చును. రైలు టిక్కెట్టుకును, ఉత్తరమునకును పగ లేదు. కాని వస్తువు తనంతట మాటలాడదు. దానిచేత మాటలాడించువారు మనుష్యులే. పొరపాటు అక్కడ ప్రవేశించును. గుమ్మడికాయల దొంగ అనగానే భుజములు తడుముకొన్నాడని మన సామెత. భుజము తడుముకొన్న ప్రతివాడును దొంగ యైనచో సంతలో నిలువగలవారెందరు?

రైలులో ఇనుప పెట్టె

1937 మార్చి 23వ తేదీ మధ్యాహ్నవేళ పూరీ స్టేషనులో మూడవ తరగతి పెట్టెలో ఎవరును తీసికొనిపోని ఉక్కు ట్రంకు ఒకటి కనబడెను. తెరచి చూడగా అందులో ఏడు ముక్కలుగా నరకబడిన పురుషుని శవముండెను. కొన్ని దినముల పిమ్మట ఆ శవము పిఠాపురమునకు చెందిన కూరి నూకరాజుదని అతని భార్య గుర్తించెను. అతడు పూర్వము పిఠాపురము దివానుగారి కొలువులో నౌకరు. దివానుగారి అల్లుడు పాకాల నారాయణస్వామి అప్పుడు బరంపురమున కాపురముండెను. అంతకు ముందటి సంవత్సరము నారాయణస్వామి భార్య నూకరాజు వద్ద విడతలు విడతలుగా 3,000 రూపాయలు, నూటికి సాలుకు 18 రూపాయల వడ్డీకి అప్పు తీసికొనెను. దానికి సంబంధించిన చీటీలు, ఉత్తరములు సుమారు ఏబది నూకరాజు ఇంట దొరికినవి.

మార్చి 20న నూకరాజునకు ఒక ఉత్తరము వచ్చెను. దానిపై సంతకము లేదు. బాకీ సొమ్ము పుచ్చుకొనుటకు బరంపురము రమ్మని నారాయణస్వామి భార్య వ్రాసినదని అతడు తన భార్యతో చెప్పి, మరునాడు రైలెక్కెను. తిరిగి రాలేదు.

చంపుట చూచిన సాక్షి ఒక్కడును లేడు. ప్రాసిక్యూషను చూపినది ఒక్కొక్క మెట్టు మాత్రమే: అప్పు ఉన్నది, అతడు బరంపురము వచ్చెను, ఆ ట్రంకు ఆ దినములలోనే బరంపురమున ముద్దాయి కొరకు కొనబడినది, దానిని జట్కాబండిలో స్టేషనునకు చేర్చిరి. సెషన్సు కోర్టు నారాయణస్వామికి మరణశిక్ష విధించెను. ఒరిస్సా రాష్ట్రము అప్పటికి కొత్తగా ఏర్పడియుండుటచే దానికి పాట్నాయే హైకోర్టు. అచ్చట శిక్ష ఖాయమయ్యెను. కేసు లండనులోని ప్రీవీ కౌన్సిలు దాక పోయెను. 1939 జనవరి 19న లార్డు ఆట్కిన్ తీర్పు చెప్పెను.

ఆ తీర్పులో పంచాయతీ సభ్యులు గమనింపవలసినవి రెండు గలవు. ఒకటి: నూకరాజు ప్రయాణమునకు ముందు భార్యతో చెప్పిన మాట సాక్ష్యముగా చెల్లినది. చనిపోయిన మనుష్యుడు తన మరణమునకు దారితీసిన సందర్భమునుగూర్చి చెప్పిన మాట, చావు ముంచుకొని వచ్చుచున్నదని అప్పటికతనికి తెలియకున్నను, వినదగినదే యని నిర్ణయించిరి. నేటికిని న్యాయస్థానములు ఆ తీర్పును ఉదహరించుచున్నవి. రెండవది: అరెస్టునకు ముందు ముద్దాయి పోలీసులకు చెప్పిన మాటను సెషన్సు కోర్టు సాక్ష్యముగా తీసికొనెను. నూకరాజు తన ఇంటికి వచ్చెననియు, మరునాటి సాయంకాలము వెడలిపోయెననియు అందులో నున్నది. దర్యాప్తులో పోలీసులకు చెప్పిన మాటను ముద్దాయికి ప్రతికూలముగా వాడరాదని ప్రీవీ కౌన్సిలు దానిని పూర్తిగా తీసివేసెను. తీసివేసిన పిమ్మట మిగిలిన మెట్లు చాలునా అని మరల ఎక్కి చూచెను. చాలునని తోచి అప్పీలును కొట్టివేసెను.

ముద్దాయి గెలువలేదు, నిజమే. అయినను అంత ఘోరమైన నేరమునందు కూడ వాడరాని సాక్ష్యమును వాడరాదని పట్టుబట్టుట, పిమ్మట శేషించినదానిని విడిగా తూచుట, ఇదియే న్యాయవిచారణ యనునది. శవము ఏడు ముక్కలైనదని న్యాయమూర్తులు ఒక మెట్టును కూడ ఉపేక్షింపలేదు. మనమైనచో ఉపేక్షించియుందుమేమో.

గొలుసులో కడియములు

స్వతంత్రము వచ్చిన పిమ్మట సుప్రీంకోర్టు 1952లో హనుమంతు కేసునందును, 1984లో శరద్ బిర్ధీచంద్ సార్దా కేసునందును ఈ విషయమును ఇంకను బిగించెను. రెండవది పూనా నగరములో 1982లో సైనైడు విషముచే చనిపోయిన ఒక యువతిది. భర్తకు సెషన్సు కోర్టు మరణశిక్ష వేసెను, హైకోర్టు ఖాయపరచెను. సుప్రీంకోర్టు విడుదల చేసెను. ఆమెయే విషము త్రాగియుండునను పక్షమును ప్రాసిక్యూషను కొట్టివేయలేకపోవుటయే కారణము. ఆ తీర్పులోని అయిదు నియమములను నేటికిని ప్రతి కోర్టు వల్లించును. వానిని మేమిచ్చట వరుసగా వ్రాయము. మన తోటలోనికి తెచ్చి చూపెదము.

కూలీ క్రితము సాయంకాలము తగవులాడెనన్నారు. మొదటి ప్రశ్న: తగవు జరిగినదని చూచిన మనిషి ఎవరు? 'అందరికి తెలిసినదే' యనుట సాక్ష్యము కాదు. ఒక్కొక్క సంగతియు రుజువై యుండవలెను. జరిగియుండవచ్చును అను సంగతిపై మరియొక సంగతిని పేర్చరాదు. రుజువైనదనుకొందము. తగవులాడినవాడు చంపునా? కూలి డబ్బుకై తగవులాడినవారందరు చంపినచో కోతకాలము దాటునప్పటికి తోటకొక్కరు మిగులరు. కాబట్టి ఆ సంగతి దోషమునకే గాక నిర్దోషమునకు కూడ పొసగుచున్నది. అది కడియము కాదు.

రాత్రినుండి కనబడుట లేదన్నారు. భయపడి పారిపోవుట నిర్దోషికిని సహజమే యని న్యాయస్థానములు పలుమార్లు చెప్పియున్నవి. పరాయి ఊరివాడు, నిన్న తగవులాడినవాడు, నేడు శవమును చూచెను: నిలిచియుండునా? పారిపోవుట ఇతర సంగతులకు తోడుగా కొంత విలువ గలది, తానొక్కటియే చాలదు.

చివరిసారి వారిద్దరిని కలిసి చూచితిమని ఒకరు చెప్పిరనుకొందము. ఎన్ని గంటలకు? మరణమెన్ని గంటలకు? నడుమ కాలము కొద్దిదై, వేరొకరు చేరుటకు వీలు లేనిదైనచో దానికి బలము. సాయంకాలము ఆరు గంటలకు కలిసియుండి, తెల్లవారుజామున మరణము సంభవించినచో, ఆ రాత్రి తోటలో తిరిగిన ప్రతివాడును ఆ నడుమ దూరగలడు. కాయ దొంగలు లేరా? పక్క తోటవారు లేరా?

ఇట్లు ఒక్కొక్క కడియమును తట్టి చూచి, అన్నియు కలిసిన గొలుసు ఈ మనుష్యునికి తప్ప మరియెవరికిని చుట్టుకొనదని తేలవలెను. మధ్య ఒక కడియము తెగినను గొలుసు లేదు. ముద్దాయి చెప్పిన సంజాయిషీ అబద్ధమని తేలినను ఆ అబద్ధమును తెచ్చి తెగినచోట అతికించరాదని సార్దా కేసులో స్పష్టముగా చెప్పిరి. ఇది మన ఊరి రచ్చబండ న్యాయమునకు పూర్తిగా విరుద్ధము. రచ్చబండ వద్ద ఒక బొంకు దొరికినచో కేసు ముగిసినట్లే.

అనుమానము ఎంత గట్టిదైనను రుజువు స్థానమును ఆక్రమింపజాలదు.

మనకు సమీపమున జరిగినది

ఇది దూరదేశపు విషయము కాదు. 2007 డిసెంబరులో విజయవాడ సమీపమున ఇబ్రహీంపట్నములోని ఒక వసతి గృహములో ఫార్మసీ విద్యార్థిని ఒకరు అత్యాచారమునకు గురియై హత్య గావింపబడిరి. అప్పటికి నూజివీడును, ఇబ్రహీంపట్నమును ఒకే కృష్ణా జిల్లాలోనివి. రాష్ట్రమంతయు కలవరపడెను, దోషిని త్వరగా పట్టవలెనని ఒత్తిడి పెరిగెను. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతపు పేద యువకుని ఒకనిని పోలీసులు అరెస్టు చేసిరి. 2010లో విజయవాడ మహిళా సెషన్సు కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష విధించెను. చూచిన సాక్షి లేడు. 2017 మార్చి 31న హైకోర్టు ప్రాసిక్యూషను చూపిన ఆధారములను విశ్వసింపక అతనిని నిర్దోషిగా విడుదల చేసి, అతనికి లక్ష రూపాయల పరిహారము ఇప్పింపవలెనని ఆదేశించెను. అప్పటికి సుమారు ఎనిమిదిన్నర సంవత్సరములు జైలులో గడచినవి. 2018లో హైకోర్టు ఆ హత్యను మరల మొదటినుండి దర్యాప్తు చేయుమని సి.బి.ఐ.ని ఆదేశించెను.

ఆ యువకునికి పడినది యావజ్జీవము కాబట్టి 2017లో తలుపు తెరచుటకు మనిషి ఉండెను. మరియొక కుటుంబమును మరువరాదు. బిడ్డను పోగొట్టుకొన్న ఆ తల్లిదండ్రులకు దక్కవలసిన న్యాయము కూడ ఆ ఎనిమిదిన్నర సంవత్సరములు తప్పుదారిలో నడచినది. నిర్దోషిని పట్టుకొన్నంతకాలము దోషి స్వేచ్ఛగా తిరుగుచుండును. ముద్దాయి హక్కులనుగూర్చి మాటలాడినచో చనిపోయినవారి పక్షము విడిచినట్లని గ్రామములలో పలువురు తలంతురు. ఈ కేసు ఆ తలంపును తారుమారు చేయుచున్నది.

మొదటి గంట

ఇప్పుడు సభ్యుల పనికి వత్తము. భారతీయ నాగరిక సురక్షా సంహిత 34వ సెక్షను గ్రామ వ్యవహారములలోనున్న ఉద్యోగులపై ఒక విధిని పెట్టెను. అందు గ్రామోద్యోగి యన్న మాటకు పంచాయతీ సభ్యుడు కూడ చేరునని చట్టమే చెప్పుచున్నది. గ్రామములో గాని, సమీపమున గాని అకస్మాత్తుగా లేదా అసహజముగా లేదా అనుమానాస్పదముగా మరణము సంభవించినను, శవము గాని శవభాగము గాని కనబడినను, నేరము జరిగెనను అనుమానము కలుగునట్లు ఎవరైనను గ్రామమునుండి మాయమైనను, వెంటనే సమీప మేజిస్ట్రేటునకో పోలీసు స్టేషనునకో తెలుపవలెను. పరువు పోవునని, తోట యజమానికి ఇబ్బంది యని, 'మనలో మనము మాటలాడుకొందము' అని ఆలస్యము చేయుట నేరుగా చట్టవిరుద్ధము. ఆలస్యమైనచో మరియొక కీడు గలదు: ఆ నడుమ కథలు కుదురును, పేర్లు చేరును, పేర్లు జారును.

పోలీసులు వచ్చులోపల శవమును కదపరాదు. గుడ్డ కప్పుటకు పది మంది చుట్టు చేరినచో పాదముల గుర్తులు పోవును. నేల కడుగుట, కత్తి చేతబట్టి చూచుట, చనిపోయినవాని ఫోను తెరచుట కూడదు. ఫోటోలు తీసి గుంపులలో పంపవద్దు. పంపినచో, పిమ్మట గుర్తింపు సాక్షి చూచినది ముఖమునో ఫోటోనో తెలియకపోవును. కొత్త చట్టము ప్రకారము ఏడేండ్లు, అంతకు మించి శిక్ష గల నేరములందు ఫోరెన్సిక్ నిపుణుడు స్థలమునకు రావలెనను నియమము ప్రవేశపెట్టబడినది. వచ్చువానికి స్థలము మిగిలియుండవలెను గదా. ప్యాకింగు షెడ్లవద్ద, పెట్రోలు బంకులవద్ద కెమెరాలుండును. వానిలోని దృశ్యములు కొన్ని దినములకు తమంత తామే చెరగిపోవును. ఎచ్చట కెమెరా ఉన్నదో ఊరివారికే తెలియును. ఆ సంగతి మొదటి దినముననే పోలీసులకు చెప్పుడు. అది ముద్దాయిని పట్టించవచ్చును, విడిపించనువచ్చును.

మధ్యవర్తుల సంతకము

శవ పంచనామాకు ఆ ప్రాంతపు గౌరవనీయులిద్దరైనను ఉండవలెను. సోదాలకు స్వతంత్రులైన ఇరువురు కావలెను. మన ప్రాంతములలో వీరిని మధ్యవర్తులందురు. పంచాయతీ సభ్యుని పిలుచుట సహజము. వ్రాతపూర్వకముగా పిలిచినప్పుడు తగిన కారణము లేక తిరస్కరించుట నేరము. కాని పోవుట వేరు, స్టేషనులో కూర్చుండి కాగితముపై సంతకము పెట్టుట వేరు.

ఇచ్చటనే తెలుగువారి రెండవ కేసు వచ్చుచున్నది. 1944 డిసెంబరులో గుంటూరు జిల్లా పులిపాడులో రెండు కక్షల నడుమ కొట్లాట జరిగి హత్యలైనవి. పలువురికి మరణశిక్ష పడెను. పులుకూరి కోటయ్య వగైరాల అప్పీలుగా అది ప్రీవీ కౌన్సిలునకు పోయెను. పోలీసు నిర్బంధములోనున్న ముద్దాయి తాము పొంచియుండి పొడిచిన సంగతియు, బల్లెమును ఊరిలోని గడ్డివామిలో దాచిన సంగతియు చెప్పి, వచ్చినచో చూపెదననెను. బల్లెము దొరికెను. అంతమాత్రమున అతడు చెప్పినదంతయు సాక్ష్యమగునా? కాదని 1946 డిసెంబరులో తీర్పు వచ్చెను. పోలీసులకు చేసిన నేరాంగీకారము చెల్లదు. వస్తువు దొరకుటకు నేరుగా కారణమైన ముక్క మాత్రమే చెల్లును. బల్లెము ఫలానాచోట నున్నదని అతనికి తెలియుననుట చెల్లును. దానితో పొడిచితినను మాట చెల్లదు. 2023 నాటి సాక్ష్య అధినియమము 23వ సెక్షనులో ఈ నియమము నేటికి నిలిచియున్నది.

కనుక మధ్యవర్తి నడచి ఆ చోటికి పోవలెను. ఎవరు ముందు నడచిరి, వస్తువు బయటికి కనబడుచుండెనా దాగియుండెనా, ఎవరు తీసిరి, చుట్టిన గుడ్డపై ముద్ర వేసిరా, ఇవి కంటితో చూడవలెను. అందరు నడచు గట్టుమీద పడియున్న కత్తి 'దొరికెను' అన్నచో దానికి విలువ స్వల్పము. ముద్దాయి ఒక్కనికే తెలిసిన చోట దొరికినచో విలువ ఎక్కువ. ఇప్పుడు సోదాలను, స్వాధీనములను ఫోనులోనైనను దృశ్యముగా, శబ్దముతో చిత్రింపవలెనని నియమమున్నది. చిత్రించుట లేదని చూచినచో మర్యాదగా గుర్తుచేయవచ్చును. చదువకుండ సంతకము పెట్టవద్దు. రెండేండ్లకో మూడేండ్లకో సెషన్సు కోర్టు బోనులో నిలువబెట్టి ఇవే ప్రశ్నలు అడుగుదురు. అప్పుడు 'పోలీసువారు పెట్టమన్నారు, పెట్టితిని' అని సభ్యుడు పలికినచో, కేసు నిజమైనదైనను కూలిపోవును. అబద్ధమైన కేసులో తడబడక పలికినచో ఒక మెడకు త్రాడు బిగియును. రెండును ఆ సంతకము పనులే.

ముద్దాయి స్వయముగా సర్పంచి వద్దకు వచ్చి నేరము ఒప్పుకొనుట కూడ జరుగుచుండును. కోర్టులు దీనిని బలహీనమైన సాక్ష్యముగా చూచును. ఎందుకు మీవద్దకే వచ్చెను? మీకును అతనికిని పరిచయమెట్టిది? ఏ మాటలతో చెప్పెను? అని అడుగును. 'చెప్పుము, నిన్ను కాచెదము' అని ఆశ చూపినను, కొట్టినను, బెదరించినను ఆ ఒప్పుకోలు చెల్లదు. వచ్చినవాడు పలికిన మాటలను గుర్తుంచుకొని, అతనిని గుంపు చేతికి చిక్కనీయక, పోలీసులకు తెలుపుట మంచిది. గుంపు కొట్టి చెప్పించినది ఏదియు సాక్ష్యము కాదు, అది వేరొక నేరము.

కోర్టులో

అరెస్టయిన మనుష్యుని 24 గంటలలో మేజిస్ట్రేటు ముందుంచవలెను, కారణము తెలుపవలెను, తన న్యాయవాదితో మాటలాడనీయవలెను. ఇది రాజ్యాంగము 22వ అధికరణము. తనకు వ్యతిరేకముగా సాక్ష్యమీయుమని నిర్బంధింపరాదని 20వ అధికరణము. న్యాయవాదిని పెట్టుకొనలేని పేదకు ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాది నిచ్చుట దయ కాదు, హక్కు. అడుగలేదని ఈయకపోవుటకు వీలు లేదని సుప్రీంకోర్టు 1986లో సుఖదాస్ కేసునందు చెప్పెను.

ఊరికే ఒక న్యాయవాదిని నిలబెట్టినను చాలదు. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా కోర్టులో 2013లో ఒక చిన్న బాలిక హత్య కేసు విచారణ అభియోగము మోపిన పదమూడు దినములలో ముగిసి మరణశిక్ష పడెను. ఉచిత న్యాయవాదిని నియమించిన దినముననే అభియోగము మోపిరి. కాగితములు చదువుటకు కూడ ఆయనకు వ్యవధి లేదు. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దుచేసి మరల విచారణ జరుపుమనెను. మరణము గాని యావజ్జీవము గాని పడదగిన కేసులలో ఉచిత న్యాయవాదికి పదేండ్ల అనుభవముండవలెననియు, సిద్ధపడుటకు సాధారణముగా ఏడు దినములైనను ఈయవలెననియు నిర్ణయించెను. త్వరితముగా ఉరితీయుడని ఊరేగింపులు చేయువారు ఈ కేసును తలచుకొనవలెను. ఆ తొందర వలన బాలిక కుటుంబము ఆరేండ్ల పిమ్మట మరల మొదటి మెట్టునకు వచ్చినది.

దోషమని తేలిన పిమ్మట శిక్షనుగూర్చి వేరుగా వినవలెను. యావజ్జీవమే నియమము; మరణము మినహాయింపు. అరుదైనవానిలోకెల్ల అరుదైన కేసునందు, యావజ్జీవమునకు మార్గము పూర్తిగా మూసికొనిపోయినప్పుడే మరణశిక్ష యని 1980లో బచన్ సింగు కేసులో రాజ్యాంగ ధర్మాసనము చెప్పెను. అంతకు మునుపే 1974లో ఆంధ్రప్రదేశమునుండి వచ్చిన ఈడిగ అనమ్మ అప్పీలులో జస్టిసు కృష్ణయ్యరు నేరమును మాత్రమే గాక నేరము చేసిన మనిషిని కూడ చూచెను. ఆమె చిన్న వయస్సు, అత్తవారింటినుండి వెళ్లగొట్టబడుట, ఆమెకున్న ఒకే బిడ్డ, వీనిని లెక్కించి మరణశిక్షను యావజ్జీవముగా మార్చెను. సాందర్భిక సాక్ష్యముపై మరణశిక్ష వేయనే కూడదని చట్టము లేదు. కాని దోషమునకు చాలిన రుజువు కూడ ప్రాణము తీయుటకు చాలకపోవచ్చునని సుప్రీంకోర్టు ఇటీవలి తీర్పులలో గుర్తించినది. మనస్సు మూలలో శేషించిన సందేహము శిక్ష వేళ లెక్కకు వచ్చును. ఇది సరియైన మార్గమని మా అభిప్రాయము. జైలు తలుపు తెరచుటకు వీలున్నది, సమాధి తెరచినను ప్రయోజనము లేదు.

2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు, ముద్దాయి బాల్యము, కుటుంబము, చదువు, మానసిక స్థితి, జైలు నడవడి వీనిని గూర్చిన వివరములు తెప్పించుకొనవలెనని ఆదేశించెను. అట్టి వివరములకై అధికారి గ్రామమునకు వచ్చినప్పుడు పంచాయతీ సభ్యుని అడుగును. చిన్నతనమున తల్లి పోయినదా, పిచ్చికి మందు తినెడివాడా, ఎన్నడైనను కూలికి పోయి కుటుంబమును పోషించెనా, తెలిసినది తెలిసినట్లు చెప్పవలెను. 'వాడు మా ఊరివాడే కాడు' అని ముఖము చాటువేసినచో కోర్టునకు ఆ కాగితము ఖాళీగా పోవును.

సెషన్సు జడ్జి వేసిన మరణశిక్ష హైకోర్టు ఖాయపరచువరకు అమలు కాదు. ముద్దాయి అప్పీలు చేయకున్నను సెషన్సు కోర్టే రికార్డును హైకోర్టునకు పంపవలెను. అక్కడ ఇద్దరు న్యాయమూర్తులకు తక్కువ కాకుండ సాక్ష్యమునంతను మరల తూచి ఖాయము చేయవచ్చును, శిక్ష మార్చవచ్చును, విడుదల చేయవచ్చును. తరువాత సుప్రీంకోర్టు. అచ్చట మరణశిక్షపై పునఃసమీక్షను ముగ్గురు న్యాయమూర్తులు బహిరంగముగా వినవలెనని 2014 నుండి నియమము. చివరకు గవర్నరు, రాష్ట్రపతి. 1993లో చిలకలూరిపేట వద్ద బస్సు దహనములో 23 మంది మరణించిన కేసులో ఇద్దరు యువకులకు పడిన ఉరిశిక్షను సుప్రీంకోర్టు 1996లో ఖాయపరచినను, 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవముగా మార్చిరి. క్షమాభిక్ష అర్జీకి కొత్త చట్టము ముప్పది దినముల గడువు పెట్టెను. అప్పీలు కొట్టివేయబడిన సంగతి, లేదా హైకోర్టు ఖాయపరచి సుప్రీంకోర్టునకు పోవు గడువు దాటిన సంగతి, జైలు సూపరింటెండెంటు తెలిపిన దినమునుండి ఆ గడువు మొదలగును.

నిర్బంధములో నున్న మనుష్యునికి ఆదాయముతో పని లేకుండ ఉచిత న్యాయసహాయమునకు అర్హత గలదు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని అట్లే. నూజివీటి కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవా కమిటీకి తెల్లకాగితముపై అర్జీ ఇచ్చినను చాలును. జాతీయ న్యాయసేవా సంస్థ ఫోను సంఖ్య 15100. ముద్దాయి భార్యయో తల్లియో చదువురానిదై పంచాయతీ ఆఫీసు గడప వద్ద కూర్చుండినచో, ఆ అర్జీ వ్రాసి పెట్టుటకు సభ్యునికి ఎవరి అనుమతియు అక్కర లేదు.